ప్రోగ్రామింగ్ రానివాళ్ళు 1980ల్లో ఇంటి కంప్యూటర్ మీద ఆటలు ఎలా చేశారు?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి, బ్లాకుల్ని అమర్చి ప్రోగ్రామ్ చేసే స్క్రాచ్‌లో చిన్న చిన్న ఆటలు చేస్తోంది. "ఇది రాకముందు ఎలా చేసేవాళ్ళు నాన్నా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. 1980ల నాటి ఇంటి కంప్యూటర్లలో ప్రోగ్రామింగ్ రాకుండానే ఆటలు చేసే సాఫ్ట్‌వేర్ ఉండేదా? అంత తక్కువ మెమరీలో అది ఎలా పట్టేది? తనకి చూపించాలంటే దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు:

ఉండేదండీ, చాలానే ఉండేవి. నేను కంప్యూటర్ మీద చేసిన మొట్టమొదటి పని కూడా అలాంటి సాఫ్ట్‌వేర్‌లోనే. 1989లో నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా, లండన్‌లో ఉండే మా మావయ్య తను వాడి పక్కనపెట్టిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌నీ, ఒక సంచీ నిండా క్యాసెట్లనీ విజయవాడ తెచ్చిచ్చాడు. అందులో ఒక క్యాసెట్ మీద "ది క్విల్" అని ఉంది. తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఆటలు తయారుచేసేవాళ్ళకి టూల్స్ రాయడమే నా ఉద్యోగం అయింది. మీ ప్రశ్న చూడగానే తెలిసినదంతా చెప్పాలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావన్నీ దానిలోంచే వస్తాయి.

స్పెక్ట్రమ్‌లో మెమరీ మొత్తం 48 కిలోబైట్లు. తెర మీద బొమ్మకే అందులో దాదాపు 7 కిలోబైట్లు పోతాయి. అప్పట్లో అందరికీ అందుబాటులో ఉన్న భాష బేసిక్. బేసిక్‌లో గదులు తిరిగే ఆట ఒకటి రాయాలనుకోండి. "ఆటగాడు 3వ గదిలో ఉండి ఉత్తరం అంటే 4వ గదికి పంపు" అని ఒక లైను. ఇంకో గదికి ఇంకో లైను. యాభై గదులు అయ్యేసరికి ప్రోగ్రామ్ చాంతాడంత అవుతుంది, మెమరీ అయిపోతుంది, పైగా నత్తనడక నడుస్తుంది. జాగ్రత్తగా చూస్తే ఆ లైన్లన్నీ ఒకటే. మారేది గది నంబర్లు మాత్రమే. అలాంటప్పుడు నడిపించే యంత్రాన్ని ఒక్కసారి, కంప్యూటర్‌కి నేరుగా అర్థమయ్యే మెషీన్ కోడ్‌లో, వేగంగా, చిన్నగా రాసిపెట్టి, మారే సంగతులన్నీ ఒక పట్టికలో పెడితే సరిపోతుంది కదా? అప్పటి ఆటల తయారీ సాఫ్ట్‌వేర్లన్నిటికీ ప్రాణం ఈ ఒక్క ఆలోచనే. ఇంజిన్ వాళ్ళది, పట్టిక మనది.

మా అమ్మ వంటింట్లో ఇడ్లీ పాత్ర చూసి నేను దీన్ని అర్థం చేసుకున్నాను. పాత్ర ఎవరో చేశారు, గుంటలు ముందే ఉన్నాయి. పిండి మనం రుబ్బుకోవాలి. మినప్పిండి పోస్తామా, రాగి పిండి పోస్తామా అన్నది మన ఇష్టం. కానీ ఆ పాత్రలో దోసె మాత్రం రాదు. ఆ రోజుల్లో ప్రతి సాఫ్ట్‌వేరూ ఒకే జాతి ఆట చేయగలిగేది. పిన్‌బాల్ (ఏటవాలు బల్ల మీద బంతిని కొట్టే ఆట) చేసేది పిన్‌బాల్ మాత్రమే చేస్తుంది, విమానాల కాల్పుల ఆట చేసేది అదొక్కటే చేస్తుంది. స్క్రాచ్‌లో ఏదైనా చేయొచ్చు కాబట్టి మీ అమ్మాయికి ఇది లోపంలా కనిపించవచ్చు. తెల్ల కాగితం ముందు ఏం చేయాలో తోచక కూర్చున్న పిల్లల్ని నేను చాలామందిని చూశాను. గుంటలున్న పాత్ర ఇస్తే పది నిమిషాల్లో పని మొదలుపెడతారు.

ఇక క్విల్ సంగతి. నాకు బాగా తెలిసింది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను. దీన్ని రాసింది గ్రేమ్ యాండిల్. అమ్మింది గిల్‌సాఫ్ట్ అనే చిన్న కంపెనీ, వేల్స్ దక్షిణ తీరంలో బ్యారీ అనే ఊళ్ళో. 1983లో వచ్చింది, ధర 14.95 పౌండ్లు. 1980 ఆగస్టు నాటి "ప్రాక్టికల్ కంప్యూటింగ్" పత్రికలో కెన్ రీడ్ అనే ఆయన, అక్షరాలతో నడిచే సాహస ఆటల్ని పట్టికలతో ఎలా నడిపించవచ్చో ఒక వ్యాసం రాశాడు. యాండిల్ దాన్ని చదివి ఆ దారిలోనే వెళ్ళాడు. మూలం అంతా ఒక పత్రికలోని కొన్ని పేజీలు!

అక్షరాల సాహస ఆట అంటే మీకు తెలియకపోవచ్చు. తెర మీద బొమ్మలుండవు. "నువ్వు పాత బావి దగ్గర ఉన్నావు. తూర్పున ఒక గుడిసె కనబడుతోంది" అని రాసి ఉంటుంది. ఆడేవాళ్ళు రెండు మాటలు టైప్ చేయాలి. "గెట్ ల్యాంప్" అంటే దీపం చేతికి వస్తుంది.

క్విల్ తెరవగానే ఒక మెనూ వస్తుంది. గదుల వర్ణనలు, వస్తువులు, మెసేజ్‌లు, పదకోశం, దారులు. ఒక్కొక్కటీ ఒక పట్టిక. దారుల పట్టిక ఎంత పొదుపో చూడండి. 3వ గదిలోంచి ఉత్తరం వైపు వెళ్తే 4వ గది అని చెప్పడానికి రెండే బైట్లు. ఒకటి "ఉత్తరం" అనే మాట నంబరు, రెండోది గది నంబరు. ఇందాక బేసిక్‌లో ఒక లైను పట్టిన సంగతి ఇక్కడ రెండు బైట్లకు దిగింది. 48 కిలోబైట్లలో ఎలా పట్టేదన్న మీ ప్రశ్నకు నా దగ్గరున్న సూటి జవాబు ఈ రెండు బైట్లే.

అసలు ఆట నడిచేది "ఈవెంట్ టేబుల్"లో. అందులో ఒక్కో పద్దుకి మూడు భాగాలు. ఆటగాడు టైప్ చేసిన రెండు మాటలు, తర్వాత షరతులు, తర్వాత పనులు. తాళం వేసిన తలుపు ఒకటి ఉందనుకోండి. మాటలు "ఓపెన్ డోర్". షరతులు మూడు: ఆటగాడు 3వ గదిలో ఉండాలి, తాళంచెవి చేతిలో ఉండాలి, 11వ ఫ్లాగ్ సున్నా అయి ఉండాలి. పనులు కూడా మూడు: 11వ ఫ్లాగ్‌ని సెట్ చేయి, 7వ మెసేజ్ చూపించు, ఇక్కడితో ఆపు. ఫ్లాగ్ అంటే ఒక నంబరు పట్టే చిన్న గూడు. ఇక్కడ "తలుపు తెరిచారా లేదా" అన్నది గుర్తుపెట్టుకోవడానికి వాడాం. ఆ తర్వాత ఇంకో పద్దు: మాట "నార్త్", షరతులు 3వ గదిలో ఉండటం, 11వ ఫ్లాగ్ సున్నా కాకపోవడం, పని 4వ గదికి పంపడం.

ఇది ప్రోగ్రామింగే కదా అంటారా? నిజంగా ప్రోగ్రామింగే. షరతు, స్థితి, చర్య మూడూ ఇందులో ఉన్నాయి. కానీ ఎక్కడా సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాతలో తప్పు) రాదు, సెమీకోలన్ మరిచిపోయామన్న టెన్షన్ ఉండదు. పద్దు నింపుతున్నాననుకుంటూ నింపుతారు. నాకు "వేరియబుల్" అనే మాట తెలియకముందే 11వ ఫ్లాగ్ తెలుసు.

ఇంకో పట్టిక "స్టేటస్ టేబుల్". ఆటగాడు ఏమీ టైప్ చేయకపోయినా, ప్రతి మలుపుకీ ఇంజిన్ దీన్ని ఒకసారి చూసిపోతుంది. కొన్ని ఫ్లాగులు ప్రతి మలుపుకీ తమంతట తామే ఒకటి తగ్గుతాయి. దీపంలో నూనె అయిపోవడం, వరద పెరగడం, దొంగ వెనకాలే రావడం, అన్నీ ఈ రెంటితో చేసేయొచ్చు. చీకటి గదుల కోసం విడిగా ఏర్పాటు ఉండేది: ఫ్లాగ్ 0 చీకటికి, వస్తువుల్లో 0వ నంబరుది ఎప్పుడూ వెలుగిచ్చేదే. దాన్ని మీరు కొవ్వొత్తి అనండి, కాగడా అనండి, మా ఆటలో లాంతరు.

మా ఆట అన్నాను కదా. అమ్మమ్మగారి ఊరి ఇల్లే ఆటగా చేశాం నేనూ మా తమ్ముడూ. అరుగు, చావడి, వంటిల్లు, దొడ్డి, బావి, గడ్డివాము, మొత్తం పద్నాలుగు చోట్లు. తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాలతో రాశాం. తెలుగు లిపి ఆ తెర మీద కుదరలేదు. స్పెక్ట్రమ్ తెర అడ్డంగా 32, నిలువుగా 24 గళ్ళు. ఒక్కో గడి 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు. మనం సొంతంగా గీసుకోదగ్గ అక్షరాలు 21. "అమ్మ"లో అ వరకూ గీశాను. మ కింద మ వత్తు పెట్టడానికి గడిలో చోటు చాలలేదు.

అప్పుడే ఒక మంచి విషయం తెలిసింది. క్విల్ పదకోశంలో క్రియ, నామవాచకం అనే తేడా లేదు. ప్రతి మాటా ఒక నంబరు, అంతే. ఈవెంట్ టేబుల్‌లో మాటలు ఏ వరుసలో రాస్తే ఇంజిన్ ఆ వరుసే చూస్తుంది. ఇంగ్లిష్‌లో "ఓపెన్ డోర్" అని క్రియ ముందు వస్తే, మేం "తలుపు తెరువు" అని రాసుకున్నాం. ఒక్క మాట పేచీ లేకుండా నడిచింది. వేల్స్‌లో కూర్చుని ఆయన మన భాష గురించి ఆలోచించి ఉండడు. పట్టికని ఏ భాషకీ కట్టిపడేయకుండా వదిలేశాడు కాబట్టి మన వాక్యం వరుస దానంతట అదే సరిపోయింది. టూల్స్ రాసేటప్పుడు నేను ఇప్పటికీ ముందు చూసుకునేది ఇదే: నాకు తెలిసిన పద్ధతిని ఇంజిన్‌లో అనవసరంగా ఇరికిస్తున్నానా?

ఒకచోట మాత్రం బాగా ఇబ్బందిపడ్డాం. మెమరీ పొదుపు కోసం క్విల్ ప్రతి మాటలో మొదటి నాలుగు అక్షరాలే గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో "క్యాండిల్", "క్యాండీ" రెండూ దానికి ఒకటే. మా ఆటలో "తాళం", "తాళంచెవి" ఒకటైపోయాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో టి, ఏ, ఎల్, ఏ దగ్గరే రెండూ ఆగిపోతాయి మరి. తాళంచెవి తీసుకోమంటే తలుపుకి ఉన్న తాళం చేతిలోకి వచ్చేది! ఎక్కడ తప్పు చేశామో తెలియక రెండు రోజులు వెతికాం. చివరికి తాళంచెవిని "చెవి" అని మార్చాక ఆట దారిలో పడింది.

ఇలా తయారైన ఆటని ఇంజిన్‌తో సహా క్యాసెట్‌లో సేవ్ చేస్తే, క్విల్ లేనివాళ్ళు కూడా ఆడొచ్చు. అమ్ముకోవచ్చు కూడా. గిల్‌సాఫ్ట్ రాయల్టీ అడగలేదు, క్విల్‌తో రాసినట్టు ఆటలో ఒక మాట పెట్టమని మాత్రం కోరింది. ఆ ఉదారత వల్ల ఏం జరిగిందో చూడండి. ఒక్క స్పెక్ట్రమ్ మీదే క్విల్‌తో చేసి అమ్మకానికి వచ్చిన ఆటలు 450కి పైనే. వాటిలో పెద్ద కంపెనీలు వేసినవీ ఉన్నాయి, ఇంట్లో క్యాసెట్లు కాపీ చేసి పోస్టులో పంపినవీ ఉన్నాయి. అమెరికాలో ఇదే సాఫ్ట్‌వేర్ "అడ్వెంచర్‌రైటర్" పేరుతో వెళ్ళింది. బొమ్మలు గీయడానికి "ఇలస్ట్రేటర్" అని జతచేసుకునేది ఒకటి వచ్చింది, 1987లో "ప్రొఫెషనల్ అడ్వెంచర్ రైటర్" వచ్చింది. స్పెయిన్‌లో అవెంచురాస్ ఏడీ అనే కంపెనీ స్పానిష్ ఆటల కోసం గిల్‌సాఫ్ట్ చేతే "డాడ్" అనే వారసుడిని రాయించుకుంది.

విమర్శ కూడా ఉండేది. పత్రికల వాళ్ళు ఒక ఆటని "క్విల్డ్" అన్నారంటే అది పొగడ్త కాదు. అన్నీ ఒకేలా కనిపిస్తాయని వాళ్ళ ఫిర్యాదు. అదే అక్షరాలు, అదే ప్రశ్న, అదే "నాకు అర్థం కాలేదు". ఆ ఫిర్యాదు నాకు సగమే నిజం అనిపిస్తుంది. చదివినంతలో, చెప్పడానికి ఏదైనా ఉన్నవాళ్ళ ఆటలు క్విల్‌లోనూ వేరేగానే ఉన్నాయి. ఏమీ లేనివాళ్ళవి మెషీన్ కోడ్‌లో రాసినా ఒకేలా ఉండేవి.

అక్షరాల ఆటలు సరే, కదిలే బొమ్మల సంగతేంటి అంటారేమో. దానికి పెద్ద మలుపు క్విల్ కంటే ముందే అమెరికాలో వచ్చింది. బిల్ బజ్ అనే ప్రోగ్రామర్ 1982లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం చేసిన "పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్" అది. ముందు తన సొంత కంపెనీ ద్వారా అమ్మాడు, 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దాన్ని తీసుకుంది. అప్పటికే ఆయన ఒక మంచి పిన్‌బాల్ ఆట రాసి ఉన్నాడు. బంతి ఎలా ఎగరాలో, దేనికి తగిలితే ఎలా వెనక్కి రావాలో చేసే కోడ్ ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. దాని చుట్టూ ఒక కార్ఖానా కట్టాడు.

తెర ఒక పక్క ఖాళీ బల్ల, ఇంకో పక్క సామాన్లు: ఫ్లిప్పర్లు, బంపర్లు, టార్గెట్లు. జాయ్‌స్టిక్‌తో ఒక చెయ్యి బొమ్మని కదిపి, సామాను పట్టుకుని, బల్ల మీద వదలాలి. ఇవాళ మీ అమ్మాయి స్క్రాచ్‌లో బ్లాకుల్ని లాగి వదులుతోంది కదా, అదే పని. మౌస్‌తో మొదటి మ్యాకింటాష్ అమ్మకానికి రాకముందే ఈ సంగతి ఒక ఇంటి కంప్యూటర్ మీద నడిచింది! మూడు టార్గెట్లూ కొడితేనే బోనస్ రావాలంటే వాటిని తీగలతో కలిపి మధ్యలో ఒక యాండ్ గేట్ (అన్నీ తగిలితేనే పనిచేసేది) పెట్టాలి. గురుత్వాకర్షణ ఎంత ఉండాలో కూడా జరుపుకోవచ్చు. బాగా తగ్గించి చూడండి, బంతి దూదిపింజలా తేలుతుంది. ఫిజిక్స్ పాఠం చెప్పకుండానే పిల్లలకి గురుత్వాకర్షణ అంటే ఏమిటో అక్కడే పడుతుంది. 2011లో అమెరికాలోని ఇంటరాక్టివ్ ఆర్ట్స్ అకాడమీ తన పయనీర్ అవార్డు బజ్‌కి ఇచ్చింది.

మూడోది, మా తమ్ముడికి ప్రాణమైంది, "షూట్ ఎమ్ అప్ కన్‌స్ట్రక్షన్ కిట్". 1987లో కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ మీద వచ్చింది, చేసింది ఇంగ్లండ్‌కి చెందిన సెన్సిబుల్ సాఫ్ట్‌వేర్. తర్వాత సెన్సిబుల్ సాకర్ అనే ఫుట్‌బాల్ ఆట చేసింది వీళ్ళే. మేం దాన్ని చాలా ఏళ్ళ తర్వాత ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ని కొత్తదాని మీద అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) చూశాం. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది శత్రు విమానాల దారి చెప్పే తీరు. మామూలుగా అయితే దారికి లెక్కలు రాయాలి. ఇక్కడ మీరే జాయ్‌స్టిక్ పట్టుకుని శత్రువుని తెర మీద తిప్పుతారు. మీరు ఎలా తిప్పితే అలా అది గుర్తుపెట్టుకుని, ఆటలో అచ్చం అదే దారిలో వస్తుంది. మీ చెయ్యి వణికితే విమానం కూడా వణుకుతుంది. పటం పైనుంచి కిందికే కదలాలి, లేదా కదలకుండా ఉండాలి. అడ్డంగా కదిలేది అందులో లేదు. ఇందాక చెప్పిన పాత్ర గుంటలు ఇక్కడ స్పష్టంగా కనబడతాయి.

వీటి మధ్యలో ఇంకా ఉన్నాయి. యాక్టివిజన్ నుంచి 1985లో వచ్చిన గ్యారీ కిచెన్ గేమ్‌మేకర్, 1991లో త్రీడీ గదులు కట్టే "3డి కన్‌స్ట్రక్షన్ కిట్", ఫ్రాన్స్‌వా లియోనే ఆమిగా కంప్యూటర్ మీద తెచ్చిన ఆమోస్. ఆమోస్‌కి బేసిక్ రావాలి కాబట్టి మీ ప్రశ్న గీత దాటిపోతుంది.

ఒకదాని గురించి మాత్రం చెప్పకుండా ఉండలేను. 1983లో వచ్చిన "లోడ్ రన్నర్" అనే ఆటలో 150 లెవెళ్ళతో పాటు, కొత్త లెవెళ్ళు గీసుకునే ఎడిటర్ కూడా ఇచ్చారు. ఆడేవాళ్ళు తమ లెవెళ్ళు గీసి కంపెనీకి పంపారు, వాటితోనే తర్వాతి ఏడాది ఇంకో ఆట వచ్చింది. ఆటలు తయారుచేసే విల్ రైట్ కథ కూడా ఇలాంటిదే. హెలికాప్టర్‌తో బాంబులు వేసే ఆట కోసం దీవుల్ని గీసే ఎడిటర్ రాసుకుని, బాంబులు వేయడం కన్నా ఊళ్ళు కట్టడమే బాగుందని గమనించాడు. అందులోంచి 1989లో నగరం కట్టే ఆట సిమ్‌సిటీ వచ్చింది.

మన దేశంలో ఇవి ఎంతమందికి అందాయి? చాలా కొద్దిమందికి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం "క్లాస్" అనే పథకంలో బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది, మొదట 250 బడులకి. 1986 నుంచి డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని "డీబీ స్పెక్ట్రమ్ ప్లస్" అమ్మింది. మా వీధిలో కంప్యూటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. క్యాసెట్ నుంచి ఆట లోడ్ అవడానికి పట్టే నాలుగైదు నిమిషాలూ ఊపిరి బిగబట్టి తెర చుట్టూ కూర్చునే పిల్లలు ఎప్పుడూ అరడజను మంది ఉండేవారు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. ఆపిల్ 2, కమోడోర్ 64, స్పెక్ట్రమ్ సాఫ్ట్‌వేర్ చాలా వరకూ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ముందు పిన్‌బాల్ సెట్ చూపించండి. భాష అక్కర్లేదు, అరగంటలో తన బల్ల తను కట్టుకుంటుంది. చేసింది సేవ్ చేసుకోవాలంటే మాత్రం ఎమ్యులేటర్ ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు: స్పెక్ట్రమ్‌కి ఫ్యూజ్, కమోడోర్‌కి వైస్, రెండూ ఉచితమే.

క్విల్‌ని మాత్రం కంప్యూటర్ తెరవకుండా మొదలుపెట్టించండి. ఒక తెల్ల కాగితం మీద మీ ఇల్లో, అమ్మమ్మగారి ఇల్లో గీయమనండి. ఆరు గదులు చాలు. నాలుగు వస్తువులు, తాళం వేసిన తలుపు ఒకటి. పక్కన రూళ్ళ నోట్‌బుక్‌లో మూడు నిలువు గళ్ళు కొట్టి, "మాటలు", "షరతులు", "పనులు" అని రాయించండి. మీరు ఆటగాడు, తను ఇంజిన్. మీరు "తలుపు తెరువు" అంటే తను నోట్‌బుక్ చూసి జవాబు చెప్పాలి. నోట్‌బుక్‌లో లేనిది మీరు అడిగిన ప్రతిసారీ ఒక కొత్త పద్దు చేరుతుంది. రెండు మూడు రోజుల్లో ఆ పట్టిక నిండాక దాన్నే క్విల్‌లో ఎక్కించవచ్చు. మన లిపిలోనే చేయాలని తను పట్టుబడితే ట్వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేయించండి. అది వెబ్‌పేజీగా తయారవుతుంది కాబట్టి తెలుగు వత్తులతో సహా చక్కగా కనిపిస్తుంది. క్విల్‌లోనే చేస్తే మాత్రం తాళానికీ తాళంచెవికీ వేరే పేర్లు పెట్టుకోమని ముందే చెప్పండి.